కోకిల బిరుదు, గబ్బిలం గొంతు

గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు వినుకొండ దాటాక దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలలోకి దూరుతుంది. నా పరిశోధన ఈ దారి వెంబడే సాగుతోంది. పశ్చిమ ప్రకాశం దళితవాడల్లో ఎవరు ఏం పాడతారు, ఎక్కడ నేర్చుకుంటారు అన్నది నా విషయం. ఇక్కడ మనవాళ్లకు పాట నేర్పే బడులు మూడే. ఒకటి డప్పు. రెండోది చర్చి. మూడోది తెల్లవార్లూ ఆడే హరిశ్చంద్ర నాటకం. శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి సరిగమలు దిద్దించేవాళ్లు ఈ మూడు చోట్లా ఉండరు. పొలంలోనో, పలకల గనిలోనో, వలసపోయిన ఊళ్లోనో పగలంతా అరిచి పనిచేసిన గొంతే రాత్రికి పాట అందుకుంటుంది. అందులో గరుకు ఉంటుంది, జీర ఉంటుంది, పల్లె యాస ఉంటుంది.

నేనూ అలాంటి గొంతుతోనే పెరిగాను. బడిలో పద్యాల పోటీకి పేరిస్తే, నాది డప్పు గొంతనీ పద్యానికి నప్పదనీ పక్కన కూర్చోబెట్టారు. ఆ రోజు బహుమతి వచ్చిన పద్యం జాషువాది. ఆ పద్యం రాసినాయన ఏ వాడ నుంచి వచ్చాడో, ఆయన్ను కూడా ఒకప్పుడు సభలో ఎందుకు వచ్చావని అడిగారో లేదో తెలుసుకోవడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

జాషువాను మనం కవిగా చదువుతాం. బొమ్మకు దండ వేస్తాం. ఆయన జీవితాన్ని ఒక గొంతు నేర్చుకున్న చదువుగా చూస్తే మాత్రం మన పిల్లలకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

వినుకొండ పిల్లవాడు

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ దగ్గర చాట్రగడ్డపాడులో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవ కులం, తల్లి లింగమాంబ మాదిగ. కుటుంబం క్రైస్తవం తీసుకుంది. ఊరు మాత్రం మతం మారితే కులం పోతుందని ఒప్పుకోలేదు. బడిలో, బజారులో, నీళ్ల దగ్గర అదే దూరం, అదే మాట. ఆ పిల్లవాడు వాటిని మౌనంగా మింగే రకం కాదు. చిన్నప్పుడు బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. కవిత్వం ఆ తర్వాత వచ్చింది.

దాన్ని తెచ్చింది స్నేహం. చిన్ననాటి మిత్రుడు, తర్వాత తానూ కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యంలో జాషువాకు పద్యం మీద మనసు పడింది. ఇద్దరూ కలిసి జంటకవిత్వం చెప్పాలనుకున్నారు.  ఇద్దరి పేర్లూ కలిపి నచ్చిన జంట పేరు కుదరక ఆ ప్రయత్నం ఆగింది. 

సంస్కృత కావ్యాలు జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర చదువుకున్నాడు. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం. ఈ మూడో పుస్తకాన్ని గుర్తుపెట్టుకోండి. భార్యకు దూరమైన యక్షుడు మేఘాన్ని దూతగా పంపే కథ అది. పాతికేళ్లు దాటాక జాషువా ఆ అప్పు తనదైన పద్ధతిలో తీర్చుకున్నాడు.

నేర్చుకున్న పద్యాన్ని సభలో చదవాలి కదా. వినుకొండలో ఒక అవధాన సభ జరిగితే జాషువా వెళ్లి తన పద్యాలు చదివాడు. తక్కువ కులంవాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవపెట్టారు. పద్యంలో యతి తప్పిందనో, గణం చెడిందనో వాళ్లు అనలేదు. ఆ గొంతు అక్కడ వినిపించడమే తప్పయింది.

అదే సమయంలో రెండో వైపు నుంచీ దెబ్బ పడింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని సొంత మతంవాళ్లు కోపగించారు. అటు సభ రానివ్వదు, ఇటు సంఘం మెచ్చదు. పాడటం నేర్చుకుంటున్న మనిషికి వినేవాళ్లే లేకపోవడం కన్నా పెద్ద అడ్డంకి ఏముంటుంది?

తెర పక్కన నిలబడి

మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతం మీద జాషువా పంతులు పనిచేశాడు. ఆ ఉద్యోగం పోయింది. బతుకుతెరువు కోసం రాజమండ్రి వెళ్లాడు. 1915-16లో అక్కడ ఆయన చేసిన పని సినిమా వాచకుడు.

ఈ పని ఇప్పటివాళ్లకు తెలియదు. తెలుగులో మాట్లాడే సినిమా 1932లో ‘భక్త ప్రహ్లాద’తో గానీ రాలేదు. అంతకు ముందు తెర మీద బొమ్మలు కదిలేవి, పెదాలు ఆడేవి, మాట ఉండేది కాదు. కథ అర్థం కావాలంటే ఒక మనిషి ఆ బొమ్మలకు తగ్గట్టు కథనూ సంభాషణలనూ పైకి చదవాలి. అదే వాచకుడి ఉద్యోగం.

ఆ ఉద్యోగం గొంతుతో ఎంత పని చేయిస్తుందో చూడండి. మైకు లేదు. ప్రొజెక్టరు చప్పుడు మీదుగా, జనం గోల మీదుగా చివరి వరుస దాకా మాట వెళ్లాలి. బొమ్మ ఆగదు కాబట్టి మాట బొమ్మ వెంట పరుగెత్తాలి, బొమ్మ నిలిస్తే మాటా నిలవాలి. రాజు మాట, ముసలమ్మ మాట, పసిబిడ్డ ఏడుపు అన్నీ ఒకే గొంతులోంచి రావాలి. పూటకు పూట అదే కథ చదివినా విసుగు వినపడకూడదు. ఊపిరి ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి, ఏ అక్షరం మీద ఒత్తు వేస్తే దూరం వెళుతుంది అన్నది ఏ గురువూ చెప్పకుండానే అక్కడ తెలిసిపోతుంది.

వినుకొండ సభ కూర్చోనివ్వని మనిషికి రాజమండ్రి సినిమాహాలు పని ఇచ్చింది. అక్కడి జనం చూసేది తెరను. చదివేవాడి ముఖంతో, కులంతో వాళ్లకు పనిలేదు, మాట వినపడితే చాలు. అవమానం తిన్న గొంతుకు ఆ మరుగు అవసరమే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. కానీ జీవితమంతా తెర పక్కనే ఉండిపోవడానికి జాషువా సిద్ధపడలేదు.

గుంటూరు తరగతి గది

రాజమండ్రి తర్వాత గుంటూరు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. ఉభయభాషాప్రవీణ పట్టా సంపాదించాడు. పద్యం మీద ఆయనకు అధికారం లేదనే నోళ్లకు ఆ పట్టా ఒక జవాబు.

పాతిక సంవత్సరాలు పిల్లలకు పద్యం చెప్పడం అంటే ఏమిటి? పదాలు విడగొట్టి చెప్పాలి. అర్థం చెప్పాలి. ఎవరు ఎవరితో ఏ బాధలో అంటున్నారో చెప్పాలి. ఆ తర్వాత మళ్లీ కలిపి చదవాలి. రోజూ, తరగతి తర్వాత తరగతి. పద్యం నోట్లో నలిగి నలిగి మామూలు మాటంత సులువవుతుంది. జాషువా పద్యాలు చదివినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఛందస్సు పాతది, మాట మాత్రం నోరు తిరగనిది కాదు. చదువు రాని మనిషి కూడా ఒకటికి రెండుసార్లు వింటే పట్టుకోగలడు.

ఈ కాలంలోనే 1932లో ‘ఫిరదౌసి’ వచ్చింది. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పి వెండి ఇస్తే గుండె పగిలిన పారశీక కవి కథ. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టిన ప్రభువుల కథ మన వాడలకు కొత్త కాదు.

కోకిలను కాదని

1941లో ‘గబ్బిలం’ మొదటి భాగం వచ్చింది. హనుమచ్ఛాస్త్రి దగ్గర చదువుకున్న మేఘసందేశానికి ఇది జవాబు. కాళిదాసు కథలో బాధపడేవాడు యక్షుడు, దూత మేఘం, బాధ విరహం. జాషువా కథలో బాధపడేవాడు దక్షిణదేశపు అంటరాని పేదవాడు, అరుంధతీసుతుడు. బాధ ఆకలి, అవమానం. ఆ మొర చేరవలసింది శివుడికి. మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. గర్భగుడి కప్పుకు తలకిందులుగా వేలాడే ఆ జీవిని ఏ పూజారీ కులం అడగడు. అందుకే దాన్ని పంపుతాడు. పూజారి లేని సమయం చూసి దేవుడి చెవిన నా సంగతి వెయ్యమని చెప్పి పంపుతాడు.

మన కవిత్వంలో దూతలంటే హంసలు, చిలుకలు, మేఘాలు. పాట అంటే కోకిల. జాషువాకు వచ్చిన బిరుదుల్లో కవికోకిల ఒకటి. ఆ బిరుదు ఉన్న కవి తన జీవితంలో అతి ముఖ్యమైన మాట చెప్పడానికి ఎంచుకున్నది గబ్బిలాన్ని. ఇంట్లోకి వస్తే అపశకునమని తరిమే జీవి. పగటి వెలుగు దక్కని జీవి. దాని అరుపుల్లో చాలా భాగం మనిషి చెవికి అందనే అందదు. కానీ ఆ అరుపుతోనే అది చీకట్లో దారి వెతుక్కుంటుంది.

అందంగా ఉన్న గొంతే పాటకు తగిన గొంతు అన్న నియమాన్ని జాషువా ఇక్కడ తిప్పికొట్టాడు. పాట ఎవరి నోటి నుంచి రావాలో అందం తేల్చదు, అవసరం తేలుస్తుంది. కోకిలకు చెప్పుకోవడానికి వసంతం ఉంది. గబ్బిలం చెప్పవలసింది మనిషి ఆకలి.

శ్మశానంలో రాజు, వాడలో కవి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జాషువా యుద్ధ ప్రచారకుడిగా పనిచేశాడు. జనం ముందు నిలబడి ఒప్పించేలా మాట్లాడటమే ఆ పని. 1957-59లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత అయ్యాడు. సినిమాహాల్లో చివరి వరుసకు చేరేలా అరవవలసి వచ్చినవాడికి, రేడియో పూర్తిగా ఎదురు పని. మైకు నోటి దగ్గరే ఉంటుంది. గట్టిగా అంటే పగులుతుంది. ఒక్క మనిషికి చెబుతున్నట్టు చెప్పాలి. ఆ రెండు పనుల మధ్య నలభై ఏళ్ల దూరం ఉంది.

ఈలోగా ఆయన పద్యం ఆయన చేతుల్లోంచి జారి ఊళ్లకు పోయింది. ‘శ్మశానవాటి’ పద్యాలను నటులు హరిశ్చంద్ర నాటకంలోకి తెచ్చుకున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో కాటిసీను వచ్చేసరికి, హార్మోనియం గాలి నింపుకునేసరికి, జనం ఎదురుచూసేది జాషువా పద్యాల కోసం. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రుల గొంతులో అవి ఆంధ్రదేశమంతా తిరిగాయి. వన్స్‌మోర్ కొట్టనిదే సీను కదలదు.

అందులోని ఎగతాళి చూడండి. కథలో రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయి శ్మశానం కాస్తాడు. అంటే చక్రవర్తి దళితుడి కూలి అయ్యాడు. ఆ చక్రవర్తి దుఃఖానికి మాట ఇచ్చింది దళిత కవి. సభలోకి ఎందుకు వచ్చావని ఒకప్పుడు అడిగిన ఊళ్లే ఆ పద్యం మళ్లీ పాడమని తెల్లవారుజామున కేకలు పెట్టాయి. చాలామందికి అది ఎవరి పద్యమో తెలియదు. తెలిసినవాళ్లలో కొందరికి చెప్పడం ఇష్టం లేదు.

మార్కాపురం, గిద్దలూరు వైపు మన వాడల్లో ఆ పద్యం నోటికి రాని పాత నటుడు ఉండడు. వీళ్లలో ఎక్కువమంది చదువు తక్కువ. రాగం పేరు అడిగితే చెప్పలేరు. కానీ ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే జనం ఊపిరి బిగబడతారో వాళ్లకు తెలుసు.

పద్యం ఎలా పట్టుకోవాలి

వాళ్ల దగ్గర కూర్చుని నేను నేర్చుకున్నది ఇది. గరుకు గొంతున్న పిల్లలకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పద్యాన్ని ముందు పాడకూడదు. మాటలుగా విడగొట్టి, పక్కనున్న మనిషికి చెప్పినట్టు చెప్పాలి. అర్థం గొంతులోకి దిగాక ఊపిరి సంగతి చూసుకోవాలి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు యతిస్థానాలు. ఇవి తెలిస్తే పాదం ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుస్తుంది. అయితే ఆ మలుపు దగ్గర ప్రతిసారీ ఆగాలని లేదు. మాట మధ్యలో తెగకుండా చూసుకుని, భావం ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఊపిరి తీసుకోవాలి.

శ్రుతి తర్వాతి సంగతి. పేరున్న నటుడు పాడిన శ్రుతిలోనే పాడాలని పిల్లలు పైకి ఎగబాకుతారు. గొంతు చించుకుంటారు. రెండో రోజుకు మాట రాదు. హార్మోనియం వాయించేవాణ్ని ఒక మెట్టు దించమని అడగడం తప్పు కాదు. ఎవరి గొంతుకు వాళ్ల మెట్టు ఉంటుంది. జీర ఉన్న గొంతు దాన్ని దాచుకోవాలని చూస్తే బిగుసుకుపోతుంది. కాటిసీనులో ఆ జీరే పనికొస్తుంది. దుఃఖం నున్నగా ఉండదు కదా.

డప్పు కొట్టినవాడికి ఇంకో సౌకర్యం ఉంది. కాలం తప్పడు. గణాలు లెక్కపెట్టకముందే లఘువు, గురువు అతని వేళ్లకు తెలుసు. డప్పు గొంతు పద్యానికి నప్పదన్న మాట ఎంత అబద్ధమో డప్పు పట్టుకుని పద్యం చదివి చూస్తే తెలుస్తుంది.

గండపెండేరం, ఆ తర్వాత

జాషువాకు గౌరవాలు వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. అగ్రకుల పండితుడు దళిత కవి పాదం పట్టుకోవడం ఆనాటికి మామూలు విషయం కాదు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడాది శాసనమండలి సభ్యుడయ్యాడు. 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశాడు. ఆయన కూతురు హేమలతా లవణం స్టూవర్టుపురంలో, నేరజాతులని ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేసి తండ్రి మాటను చేతల్లోకి తెచ్చారు.

ఈ బిరుదుల జాబితా చూసి, చివరికి అంతా సర్దుకుందని అనుకునేవాళ్లున్నారు. ఆయన పోయిన పద్నాలుగేళ్లకే, 1985 జూలై 17న, ఇదే ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కారంచేడు జరిగింది. మాదిగలను వెంటాడి చంపారు. ఆ తర్వాత వచ్చిన దళిత ఉద్యమం పాటనూ వచన కవితనూ ఆయుధాలుగా పట్టుకుంది. జాషువా పద్యాన్ని ఎందుకు పట్టుకు వేలాడాడు, అది వాళ్ల రూపం కాదా అని మనవాళ్లే అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

నా జవాబు ఇది. ఆయన కాలంలో సభకు తలుపు పద్యమే. ఆయన ఆ తలుపు వాళ్ల తాళంతోనే తీశాడు. లోపలికి వెళ్లాక వాళ్ల గొంతును అనుకరించి ఉంటే ఈ ప్రశ్నకు బలం ఉండేది. ఆయన లోపలికి తీసుకెళ్లింది గబ్బిలాన్ని. రూపం వాళ్లదైనా మాట్లాడింది మన మనిషి. పద్యం బ్రాహ్మణ సొత్తు అన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. ఇవాళ డప్పు పాట రాసే పిల్లవాడైనా, ర్యాప్ పాడే పిల్లవాడైనా, ఏ రూపం తీసుకోవాలన్నది తనే నిర్ణయించుకోగలుగుతున్నాడంటే ఆ స్వేచ్ఛలో జాషువా వాటా ఉంది.

దేశమంతటి పిల్లలు మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దారు. ఆ రాయి తవ్వి, కోసి, నునుపు చేసిన చేతుల ఇళ్లలో పిల్లలకు బడిలో పద్యం చదివే అవకాశం ఇవ్వడానికి మాత్రం ఇంకా గొంతు నాణ్యత అడ్డం వస్తోంది. సెప్టెంబర్ 28న మన హాస్టళ్లలో, అంబేడ్కర్ భవనాల్లో జాషువా జయంతి జరుపుతాం. పెద్దలు ప్రసంగిస్తారు, పిల్లలు కింద కూర్చుని వింటారు. ఈసారి ప్రసంగాలు తగ్గించి ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ ఒక పద్యం ఇద్దాం. నెల ముందే నేర్పుదాం. వాడలోని పాత హరిశ్చంద్రుణ్ని పిలిచి గురువుగా కూర్చోబెడదాం. పోటీ వద్దు, బహుమతి వద్దు. ఎవరి శ్రుతిలో వాళ్లు, ఎవరి యాసలో వాళ్లు చదువుతారు. పక్కన కూర్చోమని ఎవరికీ చెప్పకుండా ఉంటే చాలు.